ముందు ఫ్లై, తర్వాత లైన్: బాస్ చేపల కోసం ఫ్లోటింగ్ లైన్ ఎంచుకోవడం

అందరికీ నమస్కారం.

బాస్ చేపల కోసం నీటి మీద తేలే ఫ్లై లైన్ ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. ఫ్లై ఫిషింగ్‌కి కొత్తగా వచ్చినవాళ్ళను గమనిస్తుంటాను. రాడ్ గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. రీల్ గురించి నలుగురినీ అడుగుతారు. లైన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాడ్ మీద ఉన్న అంకె, డబ్బా మీద ఉన్న అంకె ఒకటేనా అని చూసి కొనేస్తారు. ఈ వరస తిరగబడాలని నా అభిప్రాయం. మీరు వెయ్యబోయే ఫ్లై, అంటే చేత్తో కట్టిన కృత్రిమ ఎర, ఏదో ముందు తేల్చుకోండి. ఆ ఫ్లైని మోసుకుపోగల లైన్ ఏదో తర్వాత చూడండి. ఆ లైన్‌ని విసరగల రాడ్ సంగతి ఆఖర్న. నేను ఇవాళ చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మామూలు గాలంలో బరువు ఎరకి ఉంటుంది. ఎర ఎగిరిపోతుంటే సన్నటి దారం దాని వెనకాలే పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఇది తలకిందులు. ఈకలు, వెంట్రుకలు, కాస్త దారం, ఒక గాలపు ముల్లు, అంతే ఫ్లై అంటే. చేత్తో ఎంత గట్టిగా విసిరినా నాలుగడుగులు పోదు. అందుకే బరువంతా లైన్‌లో పెట్టారు. రాడ్‌ని వంచేది లైన్, గాల్లో సాగిపోయేది లైన్. ఫ్లై దాని కొసన కట్టుకుని పోతుంది.

ట్రౌట్ చేపలకి వేసే చిన్న ఫ్లైల విషయంలో దీనితో పెద్ద ఇబ్బంది ఉండదు. ఏ లైనైనా వాటిని మోసేస్తుంది. బాస్ దగ్గరే లెక్క మారుతుంది. లార్జ్‌మౌత్ బాస్ నోరు మీరు చూసే ఉంటారు. కప్పను ఒక్క గుటకలో మింగేస్తుంది. దానికోసం కట్టే ఫ్లైలు కూడా ఆ లెక్కలోనే ఉంటాయి. జింక వెంట్రుకల్ని దట్టంగా బిగించి, కత్తిరించి గుండ్రంగా చేసిన బగ్‌లు, కార్క్‌తోనో ఫోమ్‌తోనో చేసి ముఖం దగ్గర గుంట పెట్టిన పాపర్లు, వాటికి రబ్బరు కాళ్ళు, నాచులో తగులుకోకుండా ముల్లుకి అడ్డంగా ఒక నైలాన్ తీగ. తూస్తే వీటి బరువు ఎక్కువేం కాదు. గాలికి మాత్రం అన్ని వైపులా అడ్డం పడతాయి. జింక వెంట్రుకల బగ్ అరగంట నీళ్ళలో నానిందంటే దాన్ని విసరడం తడిసిన స్పాంజిని విసిరినట్టే ఉంటుంది. ఆ బగ్ గాలిని తోసుకుంటూ ముందుకు పోవాలి, లీడర్ (లైన్ కొసకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్న దారం) చక్కగా తెరుచుకోవాలి, కలువాకుల మధ్య అడుగు వెడల్పున్న సందులో పడాలి. ఈ పని చేసి పెట్టగలదా లేదా అన్నదే లైన్‌కి అసలు పరీక్ష.

ఇంతకీ ఫ్లోటింగ్ లైనే ఎందుకు? మునిగే లైన్లు కూడా ఉన్నాయి. వేసవి నడిమధ్యాన్నం చేపలు లోతుకి దిగినప్పుడు అవి అవసరమే. కానీ నీరు వెచ్చబడ్డాక, పొద్దున్నా సాయంత్రమూ బాస్ ఒడ్డు దగ్గరికి వచ్చి తింటుంది. పైన కదిలే పాపర్ మీదికి ఎగిరి పడుతుంది. లైన్ మునుగుతుంటే పాపర్‌ని కిందికి లాగేస్తుంది, ఆ బుడుంగుమనే చప్పుడు రాదు. డాల్‌బర్గ్ డైవర్ అనే ఫ్లై ఉంది. మెడ దగ్గర వెంట్రుకలతో పట్టీలా కత్తిరించి ఉంటుంది. లైన్ లాగితే నీళ్ళలోకి దూకుతుంది, వదిలితే తేలుతుంది. ఆ తేలడమే దాని ఆకర్షణ. లైన్ తేలుతూ ఉంటేనే అది తిరిగి పైకి వస్తుంది. అలాగని ఫ్లోటింగ్ లైన్ పైపై వేటకి మాత్రమే అనుకోకండి. పొడవాటి లీడర్ కట్టి, కళ్ళ దగ్గర బరువున్న క్లౌజర్ మినో లాంటి ఫ్లై వేస్తే నాలుగైదు అడుగుల లోతు సులువుగా అందుతుంది. బాబ్ క్లౌజర్ ఆ ఫ్లైని 1980లలో పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ కోసమే కట్టారు. బాస్ వేటలో ఎక్కువ భాగం ఒక్క ఫ్లోటింగ్ లైన్‌తో గడిచిపోతుంది. అందుకే దాన్ని సరిగ్గా ఎంచుకోమని ఇంతగా చెబుతున్నాను.

ఇప్పుడు డబ్బా దగ్గరికి వద్దాం. దాని మీద డబ్ల్యూఎఫ్-8-ఎఫ్ అని రాసి ఉంటుంది. మొదటి రెండక్షరాలు వెయిట్ ఫార్వర్డ్, అంటే బరువు ముందు భాగంలో ఉన్న లైన్. మధ్యలో 8 నంబరు. చివరి ఎఫ్ అంటే ఫ్లోటింగ్. పాత రోజుల్లో లైన్లు పట్టుతో చేసేవారు. తేలడానికి గ్రీజు రాసేవారు, రాత్రికి విప్పి ఆరబెట్టేవారు. అప్పట్లో లైన్ మందాన్ని అక్షరాలతో సూచించేవారు, జిబిఎఫ్ అనీ హెచ్‌సిహెచ్ అనీ. నైలాన్, ప్లాస్టిక్ పూత వచ్చాక ఒకే మందం ఉన్న రెండు లైన్లకి రెండు బరువులు ఉండేవి. ఆ అక్షరాలకి అర్థం లేకుండా పోయింది. దాంతో 1960ల మొదట్లో అమెరికాలోని ఫిషింగ్ సామాను తయారీదార్ల సంఘం మందాన్ని వదిలేసి బరువుని ప్రమాణంగా పెట్టింది. లైన్ మొదటి 30 అడుగులు తూచాలి. బరువుని గ్రెయిన్లలో చెప్పాలి, ఒక గ్రాముకి సుమారు 15.4 గ్రెయిన్లు. 6 నంబరుకి 160 గ్రెయిన్లు, 7కి 185, 8కి 210, 9కి 240. అటూ ఇటూ కొద్దిగా సడలింపు ఉంటుంది. 8 నంబరుకి 202 నుంచి 218 దాకా పర్లేదు.

కాగితం మీద ఇది చక్కని పద్ధతి. బజారులో మాత్రం ఇలా జరగడం లేదు. గ్రాఫైట్ రాడ్లు ఏటికేడు గట్టిపడుతూ వచ్చాయి. 30 అడుగుల దూరంలో 210 గ్రెయిన్లకి అవి సరిగ్గా వంగవు. పైగా కొత్తవాళ్ళకి రాడ్ వంగిన సంగతి చేతికి తెలియాలి. అందుకని కంపెనీలు బాస్ లైన్లని అర నంబరో, ఒక నంబరో, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువో బరువు పెంచి, పాత నంబరే వేసి అమ్ముతున్నాయి. ఇది మోసం కాదు. చాలా కంపెనీలు డబ్బా వెనకో, తమ సైటులోనో అసలు గ్రెయిన్లు రాస్తాయి. మనమే చదవం. చదివే అలవాటు చేసుకోండి. ముందు 8 అనీ వెనక 30 అడుగులకి 240 గ్రెయిన్లనీ ఉందంటే మీరు పట్టుకున్నది 9 నంబరు లైన్.

డబ్బా పోయిన లైన్, ఎవరో ఇచ్చిన లైన్ చేతిలో ఉందనుకోండి. తూచుకోవచ్చు. నగలు తూచే చిన్న డిజిటల్ కాటా చాలు. లైన్ కొస నుంచి 30 అడుగులు, అంటే 9 మీటర్ల 14 సెంటీమీటర్లు కొలిచి, అక్కడ ఒక గుర్తు పెట్టండి. కొసన లైన్ సన్నబడకుండా ఒకే మందంతో సాగే చిన్న ముక్క ఉంటే దాన్ని కొలతలో కలపకండి, గుర్తు ఆ తర్వాత నుంచి లెక్కించండి. తూచాల్సిన భాగాన్ని చుట్టగా చుట్టి కాటా మీద పెట్టండి. మిగతా లైన్‌ని కాటా అంత ఎత్తున్న పుస్తకాల దొంతర మీద పక్కనే ఉంచండి. కిందికి వేలాడితే దాని బరువు కూడా లాగుతుంది. 12 గ్రాములు వస్తే 7 నంబరు. 13.6 వస్తే 8. పదిహేనున్నరకి పోతే 9. రెండు నిమిషాల పని ఇది. నా దగ్గరికి వచ్చే ప్రతి లైన్‌నీ ఇలా తూచి, ఆ అంకె రీల్ స్పూల్ లోపలి వైపు రాసి పెట్టుకుంటాను.

ఇక్కడే ఒక హెచ్చరిక. "బాస్ ఫ్లైలు పెద్దవి కదా, రాడ్ 8 అయితే లైన్ 9 వెయ్యి" అనే సలహా మీకు తప్పకుండా వినిపిస్తుంది. లైన్లు ప్రమాణం ప్రకారం ఉన్న రోజుల్లో అది మంచి సలహానే. ఇవాళ ముందే ఒక నంబరు పెంచిన లైన్‌ని తీసుకుని మళ్ళీ మనం ఒక నంబరు పెంచితే రెండు పెరిగినట్టు. రాడ్ పిడి దాకా వంగిపోతుంది, తిరిగి నిటారు కావడానికి ఆలస్యం చేస్తుంది. లూపు, అంటే గాల్లో లైన్ తిరిగే మడత, వెడల్పవుతుంది. దగ్గర్లో బాగానే ఉన్నట్టు అనిపించి, 50 అడుగులకి వెయ్యబోతే లైనంతా కుప్పగా పడుతుంది. తూచకుండా నంబరు పెంచకండి. ఫైబర్‌గ్లాస్ రాడ్ వాడేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. అవి సహజంగానే మెత్తన. వాటికి ప్రమాణం ప్రకారం ఉన్న లైనే హాయి.

బరువు ఎంతో తేలింది. ఆ బరువు ఎక్కడుందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

వెయిట్ ఫార్వర్డ్ లైన్‌లో ముందున్న లావు భాగాన్ని హెడ్ అంటాం. దాని వెనక సన్నగా, ఒకే మందంతో ఉండేది రన్నింగ్ లైన్. హెడ్‌లో కొస నుంచి లావెక్కుతూ వచ్చే భాగం ఫ్రంట్ టేపర్. లావుగా ఉండే నడుము బెల్లీ. మళ్ళీ సన్నబడేది వెనక టేపర్. ట్రౌట్ లైన్‌లో ఫ్రంట్ టేపర్ పొడుగ్గా, నెమ్మదిగా సన్నబడుతుంది. లైన్‌లో ఉన్న ఊపు అలా సన్నబడుతూ కొసకి వచ్చేసరికి దాదాపు కరిగిపోతుంది. చిన్న ఫ్లై చప్పుడు లేకుండా వాలుతుంది. అదే లైన్‌కి పాపర్ కట్టి చూడండి. కొసకి చేరేసరికి లైన్‌లో పస ఉండదు. పాపర్ లీడర్‌ని లాక్కుని మధ్యలోనే చతికిలబడుతుంది. బాస్ లైన్‌లో ఫ్రంట్ టేపర్ పొట్టిగా ఉంటుంది, లావు భాగం కొసకి దగ్గరగా వస్తుంది. ఊపు కరగకముందే ఫ్లైని తోసేస్తుంది. పడేటప్పుడు కాస్త చప్పుడవుతుంది. లార్జ్‌మౌత్‌కి ఆ చప్పుడు చాలాసార్లు పిలుపే. గాలి అసలు లేని రోజున, తేటగా ఉన్న లోతు తక్కువ నీళ్ళలో మాత్రం బెదురుతుంది. అప్పుడు లీడర్ ఓ రెండడుగులు పెంచితే సరిపోతుంది.

మరి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదా? కాదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, దొరికిన వాటిలో అన్నిటికన్నా పొట్టి, అన్నిటికన్నా బరువైన హెడ్ ఉన్న లైన్ కొంటారు. మొదటి విసురు అద్భుతంగా పోతుంది. ఇబ్బంది రెండో విసురుతో మొదలవుతుంది. పడవలో నిలబడి ఒడ్డు వైపు వేస్తున్నారనుకోండి. చేప ఉండేది ఒడ్డునే, కలువాకుల అంచునో, నీళ్ళలో పడి ఉన్న చెట్టు పక్కనో. పాపర్‌ని అక్కడ ఆరేడడుగులు ఆడిస్తే చాలు. అది దాటాక ఖాళీ నీళ్ళు. అక్కడి నుంచే లైన్ పైకి లేపి, ఇంకో సందులోకి వెయ్యాలి. ఇంకా 40 అడుగుల లైన్ బయటే ఉంది. హెడ్ 28 అడుగులదే అయితే రాడ్ కొస దగ్గర ఉన్నది సన్నటి రన్నింగ్ లైన్. అది ముందున్న లావు భాగాన్ని లేపలేదు. బలవంతాన లేపితే రెండూ కలిసే చోట మడతపడుతుంది, పాపర్ నీళ్ళలోకి దూరి పెద్ద చప్పుడుతో బయటికొస్తుంది. ఆ దరిదాపుల్లో ఉన్న చేప పోయినట్టే. అలా కాకుండా ఉండాలంటే హెడ్ రాడ్ కొసని చేరేదాకా లైన్ గుంజుకోవాలి. అంటే ప్రతి విసురుకీ పది పన్నెండడుగుల ఖాళీ నీళ్ళు. పొద్దున్నే చేప చురుగ్గా ఉండే సమయం తక్కువ. అందులో సగం ఇలా గుంజుకోవడానికే పోతుంది.

అందుకే నా ఎంపిక మధ్యే మార్గం. హెడ్ మొత్తం 35 నుంచి 40 అడుగులు. ఫ్రంట్ టేపర్ పొట్టిగా, లావు అంతా ముందు సగంలో, అక్కడి నుంచి వెనక టేపర్ పొడుగ్గా సన్నబడుతూ పోవాలి. ముందు భాగం పాపర్‌ని తోస్తుంది, వెనక టేపర్ దూరం నుంచి లైన్ లేపనిస్తుంది. డబ్బా మీద, లేకపోతే కంపెనీ సైటులో, ఈ టేపర్ బొమ్మ ఉంటుంది. రంగురంగుల పేర్లు వదిలేసి ఆ బొమ్మ చూడండి. లైన్ గురించి నిజం చెప్పేది అదీ, గ్రెయిన్ల అంకె, ఈ రెండే.

పొట్టి హెడ్డు పనికిరాదని కాదు. చిన్న చెరువులో, వెనక చెట్లుండి లైన్ చాచే జాగా లేనప్పుడు, 25, 30 అడుగులకే వేస్తుంటే, దానికి మించింది లేదు. ఒక్క వెనక విసురుతో ఫ్లై వెళ్ళిపోతుంది. బరువైన బగ్‌ని పదేపదే గాల్లో తిప్పితే చెయ్యి నొప్పెడుతుంది, లూపు పాడవుతుంది, చెవి పక్కనుంచి ముల్లు దూసుకుపోతుంది. తక్కువ తిప్పి ఎక్కువ సేపు ఫ్లైని నీళ్ళలో ఉంచేవాళ్ళకే చేపలు పడతాయి.

నది సంగతి వేరు. స్మాల్‌మౌత్ ఎక్కువగా పారే నీళ్ళలో, రాళ్ళ మధ్య ఉంటుంది. పాపర్‌ని ప్రవాహంతో పాటు సహజంగా పోనివ్వాలి. మధ్యలో ఉరవడి లైన్‌ని విల్లులా లాగేస్తుంటే, ఎగువ వైపు లైన్‌ని తిరగేసి వెయ్యాలి. దీన్నే మెండింగ్ అంటాం. రాడ్ కొస దగ్గర లావు లైన్ ఉంటేనే ఇది కుదురుతుంది. సన్న లైన్‌తో లావు లైన్‌ని కదపలేం. కాబట్టి నదికి 45, 50 అడుగుల హెడ్ ఉన్నది తీసుకోండి. ఫ్లైలు కూడా అక్కడ కాస్త చిన్నవి, 6 లేదా 7 నంబరు చాలు. డబుల్ టేపర్ లైన్ వాడేవాళ్ళూ ఉన్నారు. అది మధ్యంతా ఒకే లావు, ఎంత దూరంలోనైనా మెండ్ అవుతుంది. ఒక కొస అరిగితే తిప్పి రెండో కొస వాడుకోవచ్చు. దూరం మాత్రం జారదు. చిన్న నదులకి చక్కగా ఉంటుంది.

ఇక లైన్ లోపలి సంగతి. నడుమ ఒక దారం, దాని మీద ప్లాస్టిక్ పూత. నైలాన్ నీటికన్నా బరువు, పీవీసీ కూడా అంతే. మరి లైన్ ఎలా తేలుతోంది? ఆ పూతలో కంటికి కనపడనంత చిన్న గాజు బుడగలు, లోపల డొల్లగా ఉన్నవి, కలుపుతారు. ఇది తెలిస్తే ఇంకో ఫిర్యాదుకి కూడా జవాబు దొరుకుతుంది. "లైనంతా తేలుతోంది, కొస మూడడుగులు మునుగుతోంది" అంటుంటారు. కొస దగ్గర లైన్ సన్నం. లోపలి దారం మాత్రం అంతే మందం. పూత తగ్గింది, అంటే బుడగలు తగ్గాయి. పైగా లీడర్ కట్టిన చోట దారం తెరిచి ఉంటే నీళ్ళు లోపలికి ఎక్కుతాయి. కొసని ఒక చుక్క జిగురుతో మూసెయ్యండి. సగం సమస్య తీరుతుంది. బాస్ లైన్ ముందు భాగం లావు కాబట్టి ఈ విషయంలో కూడా ట్రౌట్ లైన్ కన్నా నయం.

వేడి గురించి ఒక మాట. ఉష్ణ ప్రాంతాల కోసం చేసే లైన్లలో పూత గట్టిగా, లోపలి దారం బిరుసుగా ఉంటుంది. ఎండలో మెత్తబడి రాడ్ రింగులకి అతుక్కోకుండా ఉండడానికి అలా చేస్తారు. అదే లైన్‌ని చల్లటి నీళ్ళలో వాడితే స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంటుంది. చల్లటి నీళ్ళ లైన్‌ని మండుటెండలో వాడితే ఉడికిన నూడుల్ అవుతుంది. మీరు ఎక్కువగా వేటాడే కాలం ఏదో దాన్ని బట్టి తీసుకోండి. ఏ లైనైనా వేటకి ముందు రెండు చేతులతో మూరమూర పట్టుకుని సాగదీస్తే చుట్టలు పోతాయి. సాగడం గురించి చెప్పాలంటే, తక్కువ సాగే దారం ఉన్న లైన్లు ఇప్పుడు వస్తున్నాయి. కలువాకుల్లో చేప ఫ్లైని పట్టగానే లైన్‌ని చేత్తో గుంజి ముల్లు దింపాలి. లైన్ సాగితే ఆ గుంజు చేప దాకా చేరదు. దొరికితే అలాంటి లైన్ తీసుకోండి.

రంగు గురించి నన్ను తరచూ అడుగుతారు. మీకు కనపడే రంగు తీసుకోండి. చేపకీ లైన్‌కీ మధ్య లీడర్ ఉంది, దాన్ని చూసి బాస్ పారిపోదు. సంజె వెలుగులో లైన్ ఎక్కడుందో మీకు కనపడడమే ముఖ్యం. బ్యాకింగ్, అంటే రీల్‌కి లైన్ కన్నా ముందు చుట్టే దారం, దాని గురించి కూడా బెంగ వద్దు. బాస్ లైనంతా లాక్కుపోయే చేప కాదు. స్పూల్ నిండి, లైన్ పెద్ద చుట్టల్లో ఉండడానికి 20 పౌండ్ల డేక్రాన్ దారం కొంత చుడితే చాలు.

లీడర్ మాత్రం లైన్‌లో భాగమే అనుకోండి. ఎంత మంచి లైన్ కొన్నా, దానికి సన్నటి మెత్తటి ట్రౌట్ లీడర్ కడితే ఊపు అక్కడే చచ్చిపోతుంది. పాపర్లకి ఏడున్నర అడుగులు చాలు. మొదలు లావుగా, బిరుసుగా ఉండాలి. లైన్ కొసని, లీడర్ మొదలుని వేళ్ళతో కలిపి వంచి చూడండి. రెండూ దాదాపు ఒకేలా వంగితే జత కుదిరినట్టు. టిప్పెట్, అంటే ఫ్లై కట్టే లీడర్ చివరి ముక్క, 12 పౌండ్లు, కలుపు దట్టంగా ఉంటే 16. పైన ఆడించే ఫ్లైలకి నైలానే వాడండి. ఫ్లోరోకార్బన్ దారం మునిగి పాపర్ ముక్కుని కిందికి లాగుతుంది.

బాస్ నీళ్ళలో నాచు, బురద ఎక్కువ. అది లైన్‌కి పట్టిందంటే లైన్ నీటి పైన నిలవదు, రింగుల్లో జారదు. గోరువెచ్చని నీళ్ళలో మామూలు సబ్బు కొంచెం కలిపి, మెత్తటి గుడ్డతో తుడిచి, మంచినీళ్ళతో కడిగితే కొత్త లైన్‌లా అవుతుంది. దోమల మందుల్లో డీట్ అనే పదార్థం ఉంటుంది. అది పూతని కరిగించేస్తుంది. అరచేతులకి అంటకుండా రాసుకోండి. పెట్రోలు కూడా అంతే, పడవ ఇంజను పట్టుకున్న చేతులతో లైన్ ముట్టుకోవద్దు.

ఒక్కటే లైన్ కొనగలను, ఏది కొనమంటారు అంటే నా జవాబు ఇది. 8 నంబరు రాడ్ ఉంటే, 30 అడుగులకి 215 నుంచి 230 గ్రెయిన్లు ఉండే వెయిట్ ఫార్వర్డ్ ఫ్లోటింగ్ లైన్, 35-40 అడుగుల హెడ్, పొట్టి ఫ్రంట్ టేపర్. దానితో మొదలుపెట్టండి. చిన్న చెరువులే మీ వేటస్థలం అయితే హెడ్ తగ్గించండి, నది అయితే పెంచండి.

బయట గడ్డి మీద మూడు రాడ్లు సిద్ధంగా ఉన్నాయి. మూడూ 8 నంబరువే, మూడింటికీ ఒకే రకం పాపర్ కట్టాం. లైన్లు మాత్రం వేరు: ఒకటి ట్రౌట్ లైన్, ఒకటి పొట్టి హెడ్డుది, ఒకటి నేను చెప్పిన మధ్యరకం. ముందు 30 అడుగులకి, తర్వాత 50కి వేసి, 40 అడుగుల దగ్గర నుంచి లేపి చూడండి. ముళ్ళు కత్తిరించేసిన పాపర్లే, అయినా కళ్ళజోడు పెట్టుకునే రండి.